పాత డిటెక్టివ్ నవలలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు పైసలు కొట్టేముందు ఇది చదవండి

పోయిన నెల ఒకాయన దగ్గర పాత డిటెక్టివ్ పాకెట్ నవల కొన్నాను. పుస్తకానికి 900, కొరియర్‌కు 80, ముందే ఫోన్‌లో కొట్టమన్నాడు, కొట్టాను. ఇప్పుడెవరికీ పెద్దగా గుర్తులేని నవల, కానీ కథంతా సంగీత కచేరీల చుట్టూ తిరుగుతుందని విని ఏళ్లుగా వెతుకుతున్నా కాబట్టి ఆశపడ్డాను. 1956 మొదటి ముద్రణ, ఫుల్ కండిషన్ అన్నాడు. పంపింది మాత్రం అట్ట ఫోటో ఒక్కటే. నేనూ అంతకుమించి అడగలేదు, అదీ నా తెలివి.

హన్మకొండకు పార్సిల్ వచ్చిన రాత్రే మొదలుపెట్టాను. కథ మస్తుంది. సభ వెనక గదిలో ఫిడేలు విద్వాంసుడి హత్య. అనుమానమున్న గాయకుడు ఆ అరగంటా ఇంట్లోనే సాధన చేస్తున్నాడని, గొంతు వినిపిస్తూనే ఉందని పక్కింటివాళ్ల సాక్ష్యం. తీరా అతని మంచం కింద గ్రామఫోన్ ప్లేట్లు దొరుకుతాయి. 78 స్పీడు ప్లేటు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలకే అయిపోతుంది కదా, అరగంట పాడాలంటే ఎవరో పక్కనే కూర్చుని ప్లేట్లు మారుస్తూ, కీ ఇస్తూ ఉండాలి. ఎవరా మనిషి అని పేజీ తిప్పితే వెనక అట్ట!

112తో ఖతం. పాత పుస్తకాలు చాలావరకు 16 పేజీలకొక ఫారంగా కుట్టేవాళ్లు, ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె వేసేవాళ్లు. నా దాంట్లో 7 దాకా ఉంది, ఎనిమిదోది లేదు. ఊడిన చోట కొత్త జిగురు పూసి అట్ట అతికించారు.

మొదటి ముద్రణ అన్నదీ అబద్ధమే. లోపల వెల పైసల్లో ఉంది, 1957 ఏప్రిల్ దాకా మనకు అణాలే. పైగా ప్రచురణకర్త అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్, అది వచ్చిందే 1972లో. అద్దె పుస్తకాల షాపు ముద్ర ఒక్కటే నిజంగా పాతది.

ఫోన్ చేస్తే "పాత పుస్తకమంటే అట్లనే ఉంటది సార్" అని పెట్టేశాడు, తర్వాత బ్లాక్. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదైతే చేతిలోకి తీసుకుని తిరగేస్తాం, ఇక్కడ ఆ వీలు లేదు కాబట్టి వెల ఉన్న పేజీ, చివరి పేజీ కనిపించేలా వీడియో పంపితేనే పైసలు కొట్టండి.

ఎవరి దగ్గరైనా ఈ నవల ఉందనిపిస్తే, 113 నుంచి ఫోటోలు తీసి పంపండన్నా, ఆ ప్లేట్లు మార్చిందెవరో తెలియక నిద్ర పట్టట్లేదు.