డిస్కౌంట్ కాదు, బిళ్ళ ధర చూడండి: పర్లాకిమిడి నుంచి ఆన్‌లైన్ మందుల షాపుల సమీక్ష

మా ఇంట్లో నెలనెలా మందులు కావలసినవాళ్లం ముగ్గురం. అత్తయ్యగారికి షుగరు, బీపీ. మా వారికి బీపీ. నాకు థైరాయిడ్. మేముండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో, చూపించుకునేది సరిహద్దు అవతల ఆంధ్రాలోని శ్రీకాకుళంలో. ఆ డాక్టరు రాసే మందుల్లో కొన్ని ఇక్కడి షాపుల్లో దొరకవు. వేరే కంపెనీవి ఇస్తామంటారు, లేదంటే బరంపురం నుంచి తెప్పిస్తామంటారు. 2020 లాక్‌డౌన్‌లో సరిహద్దు మూసేసి, పాతపట్నం కూడా వెళ్లలేని పరిస్థితి వచ్చినప్పుడు మొదటిసారి ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. అప్పటి నుంచి పెడుతూనే ఉన్నాను. ఒకే యాప్ కాదు, మూడు నాలుగు మార్చి మార్చి వాడాను.

రోజూ వేసుకునే బిళ్ళలకి ఆన్‌లైన్ బాగానే పనికొస్తుంది. ఇన్సులిన్‌కి మాలాంటి ఊళ్లలో పనికిరాదు. జ్వరానికో, ఇన్ఫెక్షన్‌కో అయితే ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. మాకు పార్సిల్ వచ్చేసరికి నాలుగైదు రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఆలస్యం.

ముందు డబ్బు సంగతి. యాప్ తెరవగానే 20 శాతం తగ్గింపు, 25 శాతం తగ్గింపు అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. అది దేని మీద తగ్గింపు? ఆ బ్రాండు ఎంఆర్‌పీ మీద. ఎంఆర్‌పీయే ఎక్కువైతే పాతిక శాతం తగ్గించినా మిగిలేదేమీ లేదు. ఒక కంపెనీ షీటులో పది బిళ్ళలుంటాయి, ఇంకో కంపెనీ షీటులో పద్నాలుగో పదిహేనో ఉంటాయి. అందుకే షీటు ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. నేను ప్రతి మందుకీ బిళ్ళ ఎంత పడుతోందో లెక్కేసి చీటీ వెనక రాసిపెట్టుకుంటాను. మా వారి టెల్మిసార్టన్ 40 బ్రాండుది తగ్గింపు పోగా కూడా బిళ్ళ ఆరు రూపాయల పైనే పడేది. అదే మందు జనౌషధిలో, అంటే బ్రాండు పేరు లేని మందులు తక్కువ ధరకి అమ్మే కేంద్ర ప్రభుత్వ పథకం షాపులో, రూపాయిన్నర లోపే. ఏ యాప్ డిస్కౌంటూ దీని దరిదాపుల్లోకి రాలేదు.

అందుకే శ్రీకాకుళం వెళ్లినప్పుడల్లా జనౌషధి కేంద్రానికి వెళ్తాను. మొదటిసారి నేను బ్రాండు పేరు చెబితే కౌంటర్లో ఉన్న అబ్బాయి, "ఆ పేరు ఇక్కడుండదమ్మా. పాత షీటు ఉందా? వెనక సన్నగా రాసి ఉంటుంది చూడండి, ఆ మందు పేరు చెప్పండి" అన్నాడు. షీటు తిప్పి చూపించాను. అతను మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, మామూలుదా ఎస్‌ఆర్‌దా అన్నీ చూసి మరీ ఇచ్చాడు. ఎస్‌ఆర్ అంటే నెమ్మదిగా కరిగే బిళ్ళ. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్‌లో రెండు రకాలూ ఉన్నాయి, ఒకదాని బదులు ఒకటి వేసుకోకూడదు. ఆన్‌లైన్‌లో మందు వెతికేటప్పుడు కూడా ఈ మూడూ సరిపోయాయో లేదో చూసుకోవాలి. జనౌషధి సుగమ్ అనే ప్రభుత్వ యాప్‌లో దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో, మందు ధరెంతో తెలుస్తుంది. అన్ని మందులూ అన్నివేళలా ఉండవు, ఫోన్ చేసి వెళ్లడం మంచిది. అక్కడ దొరకనివే నేను ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను.

కొన్ని మందుల ధర పేటెంటు, అంటే కనిపెట్టిన కంపెనీకి మాత్రమే ఉండే అమ్మకపు హక్కు, ముగిశాక అమాంతం పడిపోతుంది. అత్తయ్యగారికి గుండె డాక్టరు ఎంపాగ్లిఫ్లోజిన్ రాశారు, అది షుగరుకీ గుండెకీ వాడే మందు. అప్పట్లో బిళ్ళ అరవై రూపాయల దాకా ఉండేది. నెలకి పద్దెనిమిది వందలు ఒక్క మందుకే. 2025 మార్చిలో పేటెంటు తీరగానే మన కంపెనీలు చాలా బ్రాండ్లు దించాయి. పది మిల్లీగ్రాముల బిళ్ళ ఆరు రూపాయల లోపు పెట్టిన కంపెనీ కూడా ఉంది. కానీ యాప్‌లో "పాత ఆర్డరు మళ్లీ పెట్టు" నొక్కితే ఆ పాత ఖరీదైన బ్రాండే బుట్టలో పడుతుంది. తక్కువదొకటి వచ్చిందని దానంతట అది చెప్పదు. డాక్టరుకి కొత్త బ్రాండు చూపించి, సరేనన్నాక మార్చుకున్నాం. 2022లో సిటాగ్లిప్టిన్ అనే షుగరు మందుకీ ఇలాగే పేటెంటు తీరింది. అది వాడేవాళ్లు ఇంకా పాత ధరే కడుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

బ్రాండు మార్చడం అన్ని మందులకీ ఒకేలా కుదరదు. థైరాయిడ్ మందు మోతాదులో కొద్ది తేడా వచ్చినా ఒంటి మీద ప్రభావం చూపుతుంది. నా బ్రాండు మార్చాల్సి వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తరవాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష మళ్లీ చేయించమని డాక్టరు చెప్పారు. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్ కూడా ఇలాంటివే. వీటిలో నాలుగు రూపాయలు మిగుల్చుకోవాలని సొంతంగా మార్చేయకండి.

ఇక నమ్మకం సంగతి. ఆన్‌లైన్ మందుల అమ్మకానికి కేంద్రం 2018 ఆగస్టులో ముసాయిదా నియమాలు ప్రకటించింది. అవి తుది నియమాలు కాలేదు. కాబట్టి యాప్ పేరు ఎంత పెద్దదైనా నేను చూసేది అసలు మందు అమ్మిన షాపు ఎవరిదన్నదే. బిల్లు మీద ఆ షాపు పేరు, అడ్రసు, డ్రగ్ లైసెన్సు నంబరు ఉండాలి. షీటు మీద ఎర్ర గీత, ఆర్ఎక్స్ గుర్తు ఉన్న మందుని చీటీ అడగకుండా పంపిస్తామనే సైటు వైపు వెళ్లకండి. చీటీ లేకపోతే తమ డాక్టరు ఫోన్ చేస్తాడని కొన్ని యాప్‌లు అంటాయి. ఒకసారి అలా వచ్చిన ఫోన్‌లో వయసు, మందు పేరు అడిగి రెండు నిమిషాల్లో ముగించేశారు. బీపీ ఎంతుందని కూడా అడగలేదు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. మన డాక్టరు చీటీయే ఫొటో తీసి పెట్టడం నయం.

పార్సిల్ రాగానే నేను చేసే పని ఒకటుంది. షీట్లన్నీ మంచం మీద పరిచి, ప్రతి షీటు మీద ఉన్న బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిల్లులో ఉన్నవాటితో సరిపోయాయో లేదో చూస్తాను. బ్యాచ్ నంబరు సాధారణంగా షీటు అంచున నొక్కి ఉంటుంది, వెలుతురులో అటూ ఇటూ వంచితే గాని కనపడదు. ఒకసారి రెండు షీట్లు బిల్లులో లేని బ్యాచ్‌వి వచ్చాయి. మరోసారి రెండు నెలల్లో గడువు తీరేవి మూడు నెలలకి సరిపడా పంపారు. రెండుసార్లూ ఫొటోలు పంపిస్తే వెనక్కి తీసుకున్నారు. ఎక్కువగా అమ్ముడుపోయే 300 బ్రాండ్లకి 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఫోన్‌తో స్కాన్ చేస్తే తయారీదారు, బ్యాచ్, గడువు అన్నీ వస్తాయి. ముద్రించినదానితో తేడా ఉంటే ఆ మందు వాడకండి. బిల్లులు పారేయకండి. నాణ్యత పరీక్షలో నిలబడని మందుల జాబితాని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ బ్యాచ్ నంబర్లతో సహా నెలనెలా పెడుతుంది, మన బిల్లులోని నంబరుతో సరిచూసుకోవచ్చు.

మా చుట్టాలొకరికి ఇన్సులిన్ తెప్పించినప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. నడి మే నెల. పెట్టె విప్పితే లోపలి జెల్ ప్యాకు పూర్తిగా కరిగి గోరువెచ్చగా ఉంది. అట్టపెట్టె మూల తడిసి మెత్తబడింది. సీసా పట్టుకుంటే చల్లదనమే లేదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండలో రోజుల తరబడి తిరిగిన సీసా పైకి బాగానే కనిపించినా మందు బలం తగ్గిపోయి ఉండొచ్చు, పొడిచినా షుగరు సరిగా దిగకపోవచ్చు. చల్లగా ఉంచాల్సిన సరుకు వాపసు తీసుకోబోమని ఆ యాప్ వాళ్లు మొండికేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాకే డబ్బులు తిరిగొచ్చాయి. ఇప్పుడు వాళ్లు ఇన్సులిన్ మాత్రం ఊళ్లోనే, ఫ్రిజ్ ఉన్న షాపులో ముందు చెప్పి తెప్పించుకుంటున్నారు. పది రూపాయలు ఎక్కువైనా సరే అదే మేలు.

వానాకాలం గురించి ఇంకొక్క మాట. టెల్మిసార్టన్ తేమ పీల్చుకునే మందు. వారానికి సరిపడా బిళ్ళలన్నీ ముందే విప్పి ప్లాస్టిక్ డబ్బాలో పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఈ మందుని అలా విప్పొద్దు, వేసుకునేటప్పుడే షీటు చింపండి. నేను షీటుతో సహా కత్తిరించి డబ్బాలో పెడతాను. 2018 తిత్లీ తుపానప్పుడు గజపతి జిల్లాలో రోడ్లు తెగిపోయి ఏ సరుకూ రాలేదు. అందుకని బీపీ, షుగరు మందులు పదిహేను రోజులకి ఉన్నప్పుడే కొత్త ఆర్డరు పెట్టేస్తాను.

డబ్బు బొత్తిగా కష్టమైనవాళ్లు ఆన్‌లైన్ కంటే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఒడిశాలో నిరామయ పథకం కింద బీపీ, షుగరు మామూలు మందులు ఉచితంగా ఇస్తారు. మన భాష తెలుగైనా, డాక్టరు ఆంధ్రాలో ఉన్నా, ఒడిశాలో ఉంటున్నాం కాబట్టి ఆ హక్కు మనకుంది. ఆసుపత్రిలో చేరితే పనికొచ్చే ఆరోగ్య కార్డులు ఈ నెలవారీ బిళ్ళలకి పనికిరావు.

ఈ మధ్య వాట్సాప్‌లో షుగరు శాశ్వతంగా పోగొడతామంటూ పొడులు, చుక్కలు అమ్మే ప్రకటనలు మా వీధిలో అందరి ఫోన్లకీ వస్తున్నాయి. షుగరు నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. మా ఎదురింటావిడ అది తెప్పించుకుని బిళ్ళలు మానేస్తానంటే, ముందు డాక్టరుతో మాట్లాడమని గట్టిగా పట్టుబట్టి ఫోన్ కలిపి ఇచ్చాను. ఆవిడ ఇప్పుడు జనౌషధి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, శ్రీకాకుళం వెళ్లినప్పుడు మా మందులతో పాటు ఆవిడవీ నేనే తెస్తున్నాను.