బోధ సరైనదో కాదో తేల్చుకోవడానికి స్టెప్ బైబిల్ ఎంతవరకు పనికొస్తుంది?

ప్రసంగంలో విన్న మాటను లేఖనంతో సరిచూసుకోవాలనుకునేవాళ్లకు ఉచితంగా దొరికే మంచి పరికరాల్లో స్టెప్ బైబిల్ ఒకటి. కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ దీన్ని తయారుచేసింది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనల బెడద లేదు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కంప్యూటర్‌లోకి దించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. దీని సదుపాయాలన్నింటినీ ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు. అబద్ధ బోధకుణ్ణి గుర్తుపట్టే పనిలో ఇది ఎంతవరకు తోడొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఈ సమీక్ష. బెరయలో విన్నవాళ్లు సాక్షాత్తు పౌలు చెప్పిన మాటల్నే ప్రతిదినం లేఖనాల్లో వెతికి చూశారు. అపొస్తలుల కార్యములు 17:11 అందుకు వాళ్లను ఘనులన్నది. కాబట్టి బోధను పరిశీలించడం అవిశ్వాసమేమో అన్న జంకు అక్కర్లేదు.

దీని అసలు బలం అంకెల్లో ఉంది. 1890లో జేమ్స్ స్ట్రాంగ్ ప్రచురించిన పదసూచికలో ప్రతి హెబ్రీ, గ్రీకు మాటకూ ఒక సంఖ్య ఇచ్చారు. హెబ్రీ సంఖ్యలు 8,674 వరకు, గ్రీకు సంఖ్యలు 5,624 వరకు వెళ్తాయి. ఆ పద్ధతి స్టెప్ బైబిల్‌లో తెర మీదికి వచ్చింది. సంఖ్యలు జోడించిన అనువాదంలో ఒక మాట మీద నొక్కితే పక్కన మూలపదం, దాని అర్థాలు, అది ఎన్నిచోట్ల వచ్చిందో కనబడతాయి. ఇంకోసారి నొక్కితే ఆ వచనాలన్నీ వరుసగా తెరుచుకుంటాయి. గ్రీకు అక్షరం ఒక్కటి రాకపోయినా ఈ పని చేసుకోవచ్చు. అయితే ఈ సంఖ్యలు అన్ని అనువాదాలకూ లేవు. సంఖ్యలున్న అనువాదం ఒక గడిలో, మీరు చదువుకునేది పక్క గడిలో తెరిచి పెట్టుకోవాలి.

ఇది బాగా తోడొచ్చే సందర్భం ఒకటి చూడండి. బోధకుడు వేదిక మీద నిలబడి, లోగోస్ అంటే రాతలో ఉన్న సాధారణ వాక్యం, రేమా అంటే దేవుడు ఈ క్షణంలో మీకోసం ప్రత్యేకంగా పలికే జీవవాక్కు, ఆ రేమా నాకు అందింది అంటాడు. ఈ తేడా మీద పెద్ద పరిచర్యలే నిలబడ్డాయి. రేమా సంఖ్య 4487, లోగోస్ సంఖ్య 3056. మొదటిదాని జాబితా తెరిచి మత్తయి 12:36 దగ్గర ఆగండి. మనుష్యులు పలికే ప్రతి వ్యర్థమైన మాటకూ విమర్శదినాన లెక్క చెప్పాలన్న వచనమది. అక్కడున్నది రేమాయే. లూకా 2:15లో గొర్రెల కాపరులు బేత్లెహేముకు వెళ్లి జరిగిన సంగతి చూద్దామంటారు. ఆ 'సంగతి' కూడా రేమాయే. ఇక 1 పేతురు 1:23లో జీవముగల వాక్యానికి లోగోస్ అని రాసి, రెండు వచనాల తర్వాత అదే సువార్తను పేతురు రేమా అంటాడు. పది నిమిషాల్లో ఆ సిద్ధాంతానికి పునాది లేదని తేలిపోతుంది. మూలభాష పేరు చెప్పి శ్రోతల నోరు మూయించే బోధకుడి ముందు సామాన్య విశ్వాసికి ఇంత ధైర్యం ఇవ్వగల పరికరం మరొకటి అరుదు.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. మాట నొక్కగానే వచ్చే అర్థాల పట్టీ, ఆ మాట వేర్వేరు చోట్ల ఇచ్చే అర్థాలన్నింటినీ ఒకేచోట పోగుచేసి చూపిస్తుంది. అందులో నచ్చిన అర్థాన్ని ఏరి, చదువుతున్న వచనంలో దూర్చేస్తే అబద్ధ బోధకుడు చేసే పనినే మనమూ చేసినట్టు. ఏ అర్థమో తేల్చేది ఆ వాక్యం, దాని చుట్టూ ఉన్న భాగం. పట్టీలో ఆరు అర్థాలుంటే ఆ చోట వాటిలో ఒకటే పనిచేస్తుంది, ఆరూ కలిసి పనిచేయవు. "ఈ మాటకు మూలంలో ఇంకా లోతైన అర్థం ఉంది" అని ఎవరన్నా, ఆ అర్థం పెట్టి పేరా మొత్తం చదివి చూడండి. వాక్యం అతకకపోతే ఆ లోతు కల్పించినదే.

అందుకే మూలపదాల దాకా పోకముందే చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఈ పరికరంలో ఏ మీటా నొక్కక్కర్లేదు. ప్రసంగం వింటూ ఒక కాగితం మీద రెండే రాయండి: ఏ వచనం చదివాడు, దాన్నుంచి ఏం రాబట్టాడు. రెండోది ఒక్క వాక్యంలో ఉండాలి. ఇంటికొచ్చాక ఆ వచనానికి ముందు ఇరవై, తర్వాత ఇరవై వచనాలు ఒక్క బిగిన చదవండి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏ సందర్భంలో, ఆ తర్వాత ఏం జరిగింది? అధ్యాయం అయిపోయిందని ఆగొద్దు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దపు ఏర్పాటు, కొత్త నిబంధనలో వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ ముద్రణతో వచ్చాయి. అపొస్తలులు ఉత్తరాలు రాశారు, విడి వచనాలు కాదు. స్టెప్ బైబిల్ ఏదైనా వెతికినప్పుడు వచనాలను పేర్చి చూపిస్తుంది. వెతకడానికి అది బాగుంటుంది గానీ, చదవడానికి మాత్రం అధ్యాయాన్ని పూర్తిగా తెరవాల్సిందే.

ఈ పద్ధతిలో యిర్మీయా 29:11 చూడండి. మీ విషయంలో నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అన్న ఆ వాగ్దానం ఈ ఏడాదిలోనే మీ కష్టం తీరుతుందన్న ప్రవచనానికి ముద్రలా వాడబడుతోంది. దానికి ముందున్న వచనాలు చదివితే ఇది బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, అక్కడే పిల్లల్ని కనండి అంటున్నాడు. 10వ వచనం డెబ్బై ఏళ్లంటుంది. 8, 9 వచనాలు మీ మధ్యనున్న ప్రవక్తల చేత మోసపోవద్దంటున్నాయి. ముందటి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా బాగైపోతుందని యెహోవా పేరిట ప్రకటించి, అదే సంవత్సరం ఏడో నెలలో చనిపోయాడు. అంటే త్వరగా మేలు కలుగుతుందన్న అబద్ధ ప్రవచనాన్ని ఖండించే ఉత్తరంలోని వచనాన్నే తీసి, త్వరగా మేలు కలుగుతుందన్న ప్రవచనానికి వాడుతున్నారు. ఒక్క వచనాన్ని విడిగా చదివినవాడికి ఇది ఎన్నటికీ కనబడదు.

ఒక విషయం గురించి మాట్లాడే ఇతర వచనాలను చూపించే రిఫరెన్సులు పనికొచ్చేది ముఖ్యంగా దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు ఇవ్వడం, విషయంలో. దశమభాగమంతా మందిరపు నిధిలోకి తెమ్మన్న మలాకీ 3:10 చదివి "నిధి అంటే మా పరిచర్య ఖాతా" అనేవాళ్లున్నారు. రిఫరెన్సుల వెంట వెళ్తే సంఖ్యాకాండము 18లో దశమభాగం స్వాస్థ్యం లేని లేవీయులకని, ఆ లేవీయులు కూడా అందులో పదోవంతు ఇవ్వాలని ఉంటుంది. ద్వితీయోపదేశకాండము 14లో ఇచ్చేవాడు తన ఇంటివారితో కలిసి దాన్ని దేవుని సన్నిధిలో తిని సంతోషించాలి. మూడేళ్లకోసారి అది ఊళ్లోని లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు చేరాలి. నెహెమ్యా 13లో ఆ నిధి ధాన్యం, ద్రాక్షారసం, నూనె దాచే కొట్టు. దాని మీద నమ్మకస్థులని పేరున్న నలుగుర్ని పెట్టారు. మలాకీలోనే కాస్త పైన, 3:5లో, కూలివాళ్ల జీతం బిగబట్టేవాళ్ల మీదా విధవరాండ్రను బాధపెట్టేవాళ్ల మీదా దేవుడు సాక్ష్యం చెప్తున్నాడు. ఉదారంగా ఇవ్వడం మంచిది, కొత్త నిబంధన అంతా దాన్నే నేర్పిస్తుంది. కానీ పదో వచనాన్ని గట్టిగా చదివి ఐదో వచనాన్ని ఎప్పుడూ చదవని బోధకుణ్ణి అనుమానించడానికి కారణం ఉంది.

"నేను అభిషేకించినవారిని ముట్టవద్దు" అన్న కీర్తన 105:15ను విమర్శ మీద మూత పెట్టడానికి వాడతారు. పై మూడు వచనాలు చదివితే అది రాజుల దాడి నుంచి పితరులను దేవుడు కాపాడిన సంగతి. అభిషిక్తుడన్న మాట వెంట వెళ్తే 1 సమూయేలు 24 వస్తుంది. దావీదు సౌలు మీద చెయ్యి వెయ్యలేదు, నిజమే. కానీ అదే అధ్యాయంలో అందరూ వింటుండగా సౌలు తప్పును అతని ముఖం మీదే చెప్పాడు. నాతాను అభిషిక్తుడైన దావీదును పట్టుకుని ఆ మనిషివి నువ్వే అన్నాడు. గలతీయులకు 2లో పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు. ఇక 1 యోహాను 2:26లో మిమ్మల్ని మోసపరచేవాళ్ల గురించి రాస్తున్నానని చెప్పి, ముందు వెనక వచనాల్లో విశ్వాసులందరికీ అభిషేకం ఉందంటాడు. అభిషేకం ఉన్నదే మోసాన్ని గుర్తుపట్టడానికైతే, దాన్ని అడ్డుపెట్టుకుని ప్రశ్నను ఆపడమేమిటి?

పరికరం ఆగిపోయే చోటు ఇప్పుడు చూద్దాం. అది చదివిన వచనాన్ని పరీక్షిస్తుంది గానీ చదవకుండా వదిలేసినదాన్ని పరీక్షించలేదు. పశ్చాత్తాపం, సిలువ, శ్రమలు, పవిత్రత అన్న మాటలు ఏడాది ప్రసంగాల్లో రాకపోయినా ఏ వెతుకులాటా దాన్ని పట్టుకోదు. ఆ కాగితాలు దాచుకుని మూడు నెలలకోసారి వరుసగా చూస్తే తెలుస్తుంది. అద్భుతాల సంగతీ అంతే. 1986లో అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే సువార్తికుడు జనం పేర్లు, చిరునామాలు, జబ్బులు దైవ ప్రత్యక్షతగా చెప్పేవాడు. చెవిలో దాచిన రిసీవర్‌కు భార్య 39.17 మెగాహెర్ట్జ్ మీద ఆ వివరాలు చదివి వినిపిస్తోందని ఇంద్రజాలికుడు జేమ్స్ రాండి బృందం రికార్డు చేసి బయటపెట్టింది. కూడికకు ముందు జనం నింపి ఇచ్చిన ప్రార్థన కార్డులే ఆ వివరాలకు మూలం. సూచన నిజంగా నెరవేరినా సరే, వేరే దేవుళ్ల వెంట పోదామంటే వినొద్దని ద్వితీయోపదేశకాండము 13 ముందే చెప్పింది. సూచన ఎప్పుడూ రుజువు కాదు.

డబ్బు, నడవడి పరీక్షించడానికి ఇంతకంటే పాత పరికరమే మెరుగు. దిదాఖే అనే చిన్న పుస్తకం మొదటి శతాబ్దం చివరిదో రెండోదాని మొదటిదో. దాని పూర్తి గ్రీకు ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, ఆ ప్రతి రాసింది 1056లో. లేఖనంతో సమానం కాదు గానీ సంఘాలు తొలినాళ్లలో తిరుగు బోధకులతో ఎలా వ్యవహరించాయో అందులో ఉంది. మొత్తం 16 అధ్యాయాలు, మనకు కావలసినవి 11 నుంచి 13 వరకు. వచ్చిన అపొస్తలుణ్ణి ప్రభువులా చేర్చుకోండి. ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు. మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు తర్వాతి బస దాకా రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మవశుడై భోజనం వడ్డించమని చెప్పి దాన్ని తానే తింటే అబద్ధ ప్రవక్త. సత్యం బోధించి దాని ప్రకారం నడవకపోయినా అంతే. ఆత్మలో ఉండి నాకు డబ్బివ్వండి అంటే వినొద్దు, లేనివాళ్లకు ఇవ్వమంటే మాత్రం తీర్పు తీర్చొద్దు. మోసాన్ని కాదనడమే కాదు, నిజమైన ప్రవక్త స్థిరపడితే పోషించమని కూడా చెప్తుంది. ప్రవక్త లేకపోతే ఆ ప్రథమఫలం బీదలకివ్వాలి. రోజుల లెక్క ఈ కాలానికి అతకదు, కానీ ఆజ్ఞ ఇచ్చినవాడే లాభపడుతున్నాడా అన్న ప్రశ్న ఎక్కడైనా అతుకుతుంది. పౌలు కూడా కానుకల సొమ్ము ఒంటరిగా మోయలేదు. 2 కొరింథీయులకు 8:18-21లో సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. లెక్క అడిగితే కోపం తెచ్చుకునే బోధకుడికి ఈ నాలుగు వచనాలు చూపించొచ్చు.

ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. ఇలాంటి పరికరం చేతికి రాగానే ప్రతి కాపరిలోనూ తప్పులు ఏరాలనిపిస్తుంది. రాజు పేరు తారుమారైనా, వచనం సంఖ్య తప్పు చెప్పినా అది పొరపాటే. అపొల్లో అనే బోధకుడికి యోహాను బాప్తిస్మం ఒక్కటే తెలుసు. అకుల, ప్రిస్కిల్లలు అతన్ని పక్కకు పిలిచి మరింత పూర్తిగా వివరించారు, అతను విన్నాడు. మనకు కావలసిన గుర్తు అక్కడుంది: దిద్దితే ఎలా తీసుకుంటాడు? యేసు ఎవరు, ఆయన శరీరధారియై వచ్చాడా, రక్షణ ఎవరి వల్ల అన్న విషయాల్లో దారి తప్పితే మాత్రం మెతకదనం పనికిరాదు. 1 యోహాను 4, గలతీయులకు 1 ఆ గీత గీశాయి.

మాట్లాడాల్సి వస్తే ముందుగా ఏకాంతంగా వెళ్లండి. పూర్తి భాగం అచ్చు వేసుకుని, అతని మాటను అతని మాటల్లోనే రాసి తీసుకెళ్లండి. ప్రసంగం రికార్డు ఉంటే నిమిషం కూడా రాయండి, మాట పెడర్థమైందన్న వాదన అప్పుడు నిలవదు. నడవడి మీద నేరం మోపేటప్పుడు 1 తిమోతి 5:19 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి, వినికిడి మాటలు చాలవు. బోధ విషయంలో సాక్షి రికార్డే.

స్టెప్ బైబిల్‌ను వాక్యం చదివే అలవాటున్న ప్రతి ఒక్కరూ పెట్టుకోవచ్చు, సంఘ పెద్దలు తప్పక పెట్టుకోవాలి. తెర నిండా గడులు, రంగులు చూసి మొదట్లో తికమకగా ఉంటుంది. ఒక్క గడి ఉంచి మిగతావి మూసేసి, 1 యోహాను ఉత్తరం ఐదు అధ్యాయాలతో మొదలుపెట్టండి. నింపాదిగా చదివినా అరగంటలో అయిపోతుంది, అబద్ధ బోధకుల గురించి నేరుగా రాసిన ఉత్తరాల్లో అదొకటి. ఆ తర్వాత రెండో గడి తెరవండి.