మట్టంచేరిని గంటలో చుట్టేయకండి

కొచ్చి వెళ్లిన మనవాళ్లు చాలామంది ఫోర్ట్ కొచ్చిలో చైనా వలల దగ్గర ఫొటోలు దిగి, పక్కనే ఉన్న పాత పేట మట్టంచేరిని ఆటోలో గంటసేపు చుట్టేసి, అటు నుంచి అటే మున్నారుకో అలెప్పీకో బయల్దేరిపోతారు. నా మాట వింటే పడుకోవడానికి ఫోర్ట్ కొచ్చి పెట్టుకోండి, పగలంతా మట్టంచేరికి ఇవ్వండి.

మట్టంచేరిలోని రాజభవనాన్ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ, దాన్ని 1555 ప్రాంతంలో కొచ్చి రాజుకి కట్టిచ్చింది పోర్చుగీసువాళ్లు. 1663 తర్వాత డచ్చివాళ్లు బాగుచేయించడంతో ఆ పేరు నిలిచిపోయింది. బయటి నుంచి చూస్తే రాజభవనంలా అనిపించదు. లోపల రాజుగారి పడకగదిలోకి అడుగుపెడితే గోడల నిండా రామాయణం! లేపాక్షి కప్పు మీద బొమ్మలు సన్నటి గీతలతో, పొడుగ్గా ఉంటాయి కదా, ఇక్కడివి నిండుగా, ఎరుపూ పసుపూ ఆకుపచ్చల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, వేలు పెట్టే సందు కూడా లేకుండా ఉంటాయి. మేం వెళ్లినప్పుడు లోపల ఫొటోలు తీయనివ్వలేదు, నాకైతే అదే మంచిదనిపించింది, జనం నిలబడి చూస్తున్నారు.

పక్కనే యూదుల ప్రార్థనా మందిరం పరదేశి సినగాగ్, 1568 నాటిది. తన ప్యాలెస్ పక్కనే, గుడిని ఆనుకుని యూదులకి స్థలమిచ్చిన రాజుని మెచ్చుకోకుండా ఉండలేం. నేల మీది నీలి పలకలు చైనా నుంచి తెప్పించి పరిచినవి, చేత్తో వేసినవి కాబట్టి ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇక్కడి యూదులు దాదాపు అందరూ వెళ్లిపోయారు, వీధికి వాళ్ల పేరు మిగిలింది. అది తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు, సినగాగ్‌కి శనివారం కూడా, అందుకే ఈ రెండు రోజులూ పెట్టుకోవద్దు.

అక్కడితో ఆగకుండా బజార్ రోడ్డు వెంట నడవండి. పాత గోడౌన్లు, అల్లం, మిరియాల వాసన, గుజరాతీ బోర్డులు. గోవాలో పోర్చుగీసువాళ్ల ఒత్తిడి భరించలేక వచ్చిన కొంకణీలు కట్టుకున్న తిరుమల దేవస్వం గుడి చెర్లాయిలో ఉంది, లోపల ఉన్నది మన వేంకటేశ్వరుడే. మధ్యాహ్నం కాయీస్ హోటల్లో బిర్యానీ తినండి, పొట్టి కైమ బియ్యంతో చేస్తారు, మసాలా తక్కువ. హైదరాబాద్ ఘాటు అలవాటైనవాళ్లకి మొదటి ముద్దకి చప్పగా అనిపించొచ్చు, నాకు మాత్రం నచ్చింది.

బస విషయానికొస్తే, ఎర్నాకుళంలో హోటళ్లకి కొదవలేదు గానీ రోజూ వంతెనల మీద ట్రాఫిక్‌తో టెన్షన్. ఫోర్ట్ కొచ్చి హోమ్‌స్టేలే మేలు. మేం దిగిన పాత పెంకుటింట్లో ఇంటావిడ పొద్దున్నే పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడల కూర (నల్ల శనగల కూర) పెట్టేవారు, గదులు చిన్నవే అయినా శుభ్రంగా ఉన్నాయి. డబ్బు మిగులుతుందని ఏసీ లేని గది మాత్రం తీసుకోకండి, ఆ ఉక్కకి నిద్ర పట్టదు. ఎర్నాకుళం వెళ్లాల్సి వస్తే హైకోర్టు దగ్గరికి వాటర్ మెట్రో ఉంది, బ్యాటరీ పడవ, కుదుపు లేదు.

ఆటోవాళ్లతో జాగ్రత్త. తక్కువ రేటుకి ఊరంతా తిప్పుతామన్నవాళ్లు కమీషన్ షాపుల దగ్గరే ఆపుతారు. మాకు సగం పూట అలా పోయింది. సాయంత్రం కథకళికి ఆట టైముకి కాకుండా గంట ముందే వెళ్లండి, ముఖానికి రంగులు దిద్దుకోవడం ఎదురుగా కూర్చుని చూడొచ్చు, నాకు ఆట కన్నా అదే ఎక్కువ నచ్చింది. రెండేళ్లకోసారి పెట్టే కళా ప్రదర్శన బినాలే జరిగే ఏడాది డిసెంబరులో వెళ్లేట్టయితే గది బాగా ముందే బుక్ చేసుకోండి.