తీరప్రాంత పరిశోధన పత్రాలు చదవడం నేర్పే వారాంతపు శిక్షణ: ఒక సమీక్ష

విశాఖపట్నం పెదవాల్తేరు ప్రాంతంలోని ఒక చిన్న అధ్యయన కేంద్రం, సముద్ర శాస్త్రం, భూగర్భ శాస్త్రం చదివే పీజీ విద్యార్థులకు శని, ఆదివారాల్లో ఈ శిక్షణ ఇస్తోంది. ప్రాజెక్టు రిపోర్టు రాసి చేతిలో పెట్టేవాళ్లకు మన ఊళ్లో కొదవ లేదు గానీ, పరిశోధన పత్రాలను ఎక్కడ వెతకాలో, దొరికాక ఎలా చదవాలో ఓపికగా చెప్పే చోటు అరుదు. అందుకే మా కాలేజీ పిల్లలను చేర్పించే ముందు నేనే వెళ్లి వెనుక బెంచీలో కూర్చున్నాను.

వెతకడం నేర్పే భాగం బాగానే ఉంది. 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకే వర్తిస్తుంది కనుక, ప్రైవేటు కాలేజీల పిల్లలను దృష్టిలో పెట్టుకుని, డబ్బు కట్టనక్కరలేని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థల డిజిటల్ భాండాగారాలతోనూ, సిద్ధాంత వ్యాసాలుండే శోధ్‌గంగతోనూ మొదలుపెడతారు. విశాఖపట్నం అని మాత్రమే టైపు చేసి ఊరుకోకుండా, వాల్తేరు, విజగపట్నం అని కూడా వెతికిస్తారు. పాత పత్రాలు చాలావరకు ఆ పేర్లతోనే ఉన్నాయి మరి.

అసలు పనితనం కనిపించేది చదివించేటప్పుడు. విశాఖ పోర్టు సముద్రంలోకి కట్టిన ఔటర్ హార్బర్ వల్లే ఆర్కే బీచ్ కోసుకుపోతోందన్న, ఊరంతా అనుకునే మాటను బోర్డు మీద రాసి, దానికి ఆధారం పట్టుకు రమ్మంటారు. అలా వెతుక్కుంటూ వెళ్తే, అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ప్రసాదరావు కలిసి వాల్తేరు బీచ్ కోత గురించి రాయగా ఆంధ్ర విశ్వవిద్యాలయం 1954లో ప్రచురించిన అధ్యయనం దగ్గర తేలుతారు. అందులో కోత ఒక చక్రంలా వచ్చి పోతుంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి నెడతాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు ఈ ఇసుకకు అడ్డుపడతాయి కాబట్టే, వాటికి దక్షిణాన పేరుకున్న ఇసుకను పోర్టు వాళ్లు తవ్వి బీచ్‌కు చేరుస్తూ ఉంటారు. అంటే 1954 నాటి కొలతలు హార్బర్‌కు ముందరి పరిస్థితిని చెబుతాయన్నమాట, అని ఒక అమ్మాయి తేల్చేసింది. శిక్షకుడు వెంటనే ఒప్పుకోలేదు. "పోర్టు తెరిచింది 1933లో కదమ్మా, పోర్టులోకి ఓడలొచ్చే కాలువ నోటికి రక్షణగా రెండు పాత ఓడల్ని ముంచింది ఇంకెప్పుడు?" అని అడిగి, ఆ కొలతలు కూడా మనిషి చెయ్యి పడని తీరానివి కావని ఆమె చేతే చెప్పించాడు. ఆ పది నిమిషాలకే రుసుము చెల్లిపోయిందనిపించింది నాకు.

అదే వరుసలో ఉపగ్రహ చిత్రాల మీద ఆధారపడిన పత్రాలనూ పరీక్షించారు. అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్ తీసే చిత్రంలో ఒక్కో గడి 30 మీటర్లు. రెండు చిత్రాలు వేర్వేరు నెలల్లో, వేర్వేరు పోటు సమయాల్లో తీసినవైతే, తీరం వెనక్కి జరిగినట్టు కనిపించేదాంట్లో ఎంత రుతువు వల్ల, ఎంత నిజమైన కోత వల్ల అన్నది తేల్చడం కష్టం. కాబట్టి ముగింపు చదవకముందే పద్ధతుల విభాగానికి వెళ్లి తేదీలు చూడమని గట్టిగా చెబుతారు.

లోపాలూ ఉన్నాయి. చివర్లో పంచిపెట్టే నోట్సులో ముఖ్యమైన పత్రాలన్నిటికీ సంక్షిప్తాలు రాసిపెట్టారు. అవి చేతికందాక అసలు పత్రం తెరిచే విద్యార్థి ఎవరుంటారు? తరగతిలో నేర్పిన అలవాటును ఆ కాగితాలే చెడగొడతాయి. అలల గణాంకాలు, స్పెక్ట్రమ్ గ్రాఫులు వచ్చినచోట శిక్షకుడు వేగం పెంచి దాటేశాడు. గణితం రాని పిల్లలు అక్కడే చిక్కుకున్నారు. రిఫరెన్సులను జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకునే పద్ధతిని ఆఖరి అరగంటలో హడావిడిగా చూపించడంతో, ల్యాప్‌టాప్ తెచ్చుకోనివాళ్లకు ఏమీ అందలేదు. ఆదివారం బ్యాచ్ మరీ కిక్కిరిసి ఉంటుంది, వీలైతే శనివారం ఎంచుకోవాలి.

ఎంఎస్సీ రెండో ఏడాది ప్రాజెక్టు అంశం ఖరారు కాకముందే చేరితే ప్రయోజనం ఎక్కువ. అంశం ఖాయమై, డేటా కూడా సేకరించాక వచ్చేవాళ్లకు వెతుకులాట పాఠాలు తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మా వాళ్లలో ప్రాజెక్టు మొదలుపెట్టనివారిని మాత్రం పంపిస్తున్నాను, నోట్సు తీసుకోవద్దని ముందే చెప్పి.