విజయవాడ సింగ్ నగర్ ఇంట్లో లైనక్స్ మీద విండోస్ ఆటలు: మూడేళ్లు దాటాక

మా వీధి కుర్రాళ్లు కంప్యూటర్ కొనే ముందు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, లైనక్స్‌లో గేములు ఆడతాయా?" విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమే లైనక్స్. ఆడతాయి. ఏ గేము, ఎవరితో ఆడతావ్ అని నేను ఎదురు అడుగుతాను. ఆ రెండో ముక్కలోనే అసలు సంగతంతా ఉందని నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

2022 దసరా సెలవుల్లో లైనక్స్ మింట్ 21 అనే లైనక్స్ కూర్పు ఎక్కించాను. అప్పటి నా డబ్బా నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, ఏఎండీ ఆర్ఎక్స్ 570 గ్రాఫిక్స్ కార్డు. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ఉండాలి. కొత్త బోర్డుకి డబ్బుల్లేవు, పది రోజుల సెలవులు మాత్రం ఉన్నాయి. ఆటలు అమ్మే స్టీమ్ అనే దుకాణం యాప్ వేసి, సెట్టింగుల్లో అన్ని ఆటలకీ ప్రోటాన్ వాడమని టిక్కు పెట్టాను. అంతే, విండోస్ ఆటల పక్కన కూడా 'ఇన్‌స్టాల్' బటన్ వచ్చేసింది. ఇంత తేలికా అనిపించింది. ఆ మొదటి రోజు నిజంగానే అంత తేలిక.

లోపల జరిగేది దుబాసీ పని. వైన్ అనే ప్రాజెక్టు 1993లో మొదలై, 1.0 అనిపించుకునేసరికి 2008 వచ్చింది. అది ఇంకో కంప్యూటర్‌ని అనుకరించదు. ఆట విండోస్‌ని ఏం అడిగినా లైనక్స్‌కి అర్థమయ్యేలా చెప్పి, జవాబు తెచ్చి ఇస్తుంది. దాని మీద కట్టిందే ప్రోటాన్, స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో వదిలింది. బొమ్మ గీసే పని ప్రోటాన్‌లోని డీఎక్స్‌వీకేది: విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్‌ఎక్స్ 9, 10, 11లో ఆటలు అడిగేవాటిని లైనక్స్‌లో నడిచే వల్కన్ భాషలోకి మారుస్తుంది. 12వ వెర్షన్‌కి వీకేడీత్రీడీ-ప్రోటాన్ వేరే ఉంది. మొదట్లో ఆటలో కొత్త వీధిలోకి తిరిగిన ప్రతిసారీ ఆట ఒక్క క్షణం గుక్కతిప్పుకునేది, బొమ్మకి రంగు, వెలుగు దిద్దే షేడర్లు అప్పటికప్పుడు తయారవుతుండేవి కాబట్టి. 2022 నవంబరులో డీఎక్స్‌వీకే 2.0 వచ్చి, డ్రైవర్లు కూడా దాన్ని అందుకున్నాక ఆ గుక్క దాదాపు పోయింది. ఈ మూడేళ్లలో నా కళ్లతో చూసిన పెద్ద మార్పు ఇదే.

ఇక నా తప్పులు. మొదటిది, డీ డ్రైవ్‌లో విండోస్ కాలం నాటి ఆటలున్నాయి కదా, మళ్లీ డౌన్‌లోడ్ ఎందుకని స్టీమ్‌కి ఆ ఫోల్డరే చూపించాను. 'ప్లే' నొక్కితే బటన్ 'స్టాప్' అయి, నాలుగు సెకన్లలో మళ్లీ 'ప్లే' అయ్యేది. ఎర్రర్ లేదు, పాడు లేదు. రెండు రాత్రులు పోయాయి. కారణం చూస్తే ఇంతే: ప్రోటాన్ ప్రతి ఆటకీ ఒక చిన్న ఉత్తుత్తి సీ డ్రైవ్ కడుతుంది, అందులో 'సీ' అక్షరం పక్కన కోలన్ గుర్తు పెట్టిన లింకు ఉంటుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లో అలాంటి పేరుతో పేచీ. ఆటల్ని లైనక్స్ డ్రైవ్ మీదికి తెచ్చుకుంటే పీడ విరగడైంది. కొత్తగా దిగేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే.

రెండోది ఇంకా చేటు. డిస్కు నిండిపోతోందని 'కంపాట్‌డేటా' అనే ఫోల్డర్‌లో ఉన్నవి చెరిపేశాను. లోపల అన్నీ అంకెల పేర్లే, చెత్తనుకున్నా. ఆ అంకె ఒక్కో ఆట స్టీమ్ నంబరు. లోపలికి పోతే డ్రైవ్ సీ, యూజర్స్, 'స్టీమ్‌యూజర్' అని ఒక మనిషి పేరు, వాడి డాక్యుమెంట్స్, అందులో నా సేవ్ ఫైళ్లు! క్లౌడ్ సేవ్ (స్టీమ్ దగ్గర ఇంకో కాపీ) ఉన్న ఆటలు తిరిగొచ్చాయి. లేని ఒక్క ఆటలో నలభై గంటల కష్టం బుడమేట్లో కలిసింది.

బుడమేరంటే గుర్తొచ్చింది, మా పేటని ముంచింది ఆ వాగే. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. నీళ్లు గుమ్మం దాటి మంచం కోళ్ల దాకా వచ్చాక ఇక పైకి పోవాల్సిందే అనుకున్నాం. అమ్మ బియ్యం మూటతో, తమ్ముడు గ్యాస్ సిలిండర్‌తో మెట్లెక్కుతున్నారు. కేబినెట్‌ని ఎత్తబోయాను గానీ నా వల్ల కాలేదు. కరెంటు ఎప్పుడో పోయింది. ఫోన్ లైటు పళ్లతో పట్టుకుని, పక్క తలుపు లాగేసి, లైనక్స్, ఆటలు అన్నీ ఉన్న ఎస్ఎస్‌డీ డ్రైవ్ ఒక్కటి ఊడదీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి జేబులో వేసుకున్నాను. వారం దాటాక కిందికి దిగితే బోర్డు, కార్డు, పవర్ సప్లై అంతా బురద ముద్ద.

దీపావళి తర్వాత ఏలూరు రోడ్డులో ఒక సెకండ్ హ్యాండ్ డబ్బా తెచ్చుకున్నాను: పదో తరం ఐ5, ఎన్విడియా జీటీఎక్స్ 1650 కార్డు. బోర్డు వేరు, కార్డు కంపెనీ కూడా వేరు. ఆ ఎస్ఎస్‌డీ తగిలించి, ఎక్కదులే అనుకుంటూ బటన్ నొక్కాను. మింట్ గుర్తు వచ్చింది, వెనకాలే నా పాత వాల్‌పేపర్, వరదకు ముందు రోజు రాత్రి డెస్క్‌టాప్ మీద వదిలేసిన స్క్రీన్‌షాట్ కూడా. డ్రైవర్ మేనేజర్‌లో ఎన్విడియా డ్రైవర్ ఎంచి ఒకసారి రీస్టార్ట్ చేశాను, అంతే పని. ఆట ఎక్కడ ఆపానో అక్కడే మొదలైంది. అమ్మ వెనక నిలబడి "ఇదొక్కటైనా మిగిలింది" అంది. ఇది సమీక్షలో రాయాల్సిన గుణమో కాదో గానీ, నా లెక్కలో మార్కులన్నీ దీనికే.

కార్డు మారాక తేడా ఒకటి చెప్పాలి. డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల్లో ఎన్విడియా కార్డులు లైనక్స్ మీద కాస్త వెనకబడతాయి. 11 వరకు నాకేమీ తేడా తెలియలేదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆడాలనిపిస్తే మాంగోహడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో సెకనుకి 40 ఫ్రేములే అని హద్దు పెడతాను. ఫ్యాను అరుపు తగ్గుతుంది, గది కుంపటి కాకుండా ఉంటుంది.

కొన్ని ఆటల్లో కథ మధ్య వచ్చే వీడియోల బదులు పాత దూరదర్శన్ రంగుల పట్టీలు వస్తాయి. ఆ వీడియోని కుదించిన పద్ధతి (కోడెక్) మామూలు ప్రోటాన్‌కి తెలియకపోతే అలా చూపిస్తుంది. జీఈ ప్రోటాన్ అని ఇంకో కూర్పు ఉంది, అది వేస్తే చాలాసార్లు బొమ్మ పడుతుంది. ఆట కొనే ముందు, ఏ ఆట ఎలా నడుస్తోందో రాసుకునే ప్రోటాన్‌డీబీ సైటులో జనం ఏమంటున్నారో చూసుకోవడం నాకు అలవాటైంది. ప్లాటినం, గోల్డ్ అని మార్కులుంటాయి గానీ, నేను మార్కు కన్నా నా కార్డు ఉన్నవాళ్లు రాసిన రెండు ముక్కలే చదువుతాను. స్టీమ్ బయట కొన్న ఆటలకి హీరోయిక్, లూట్రిస్ అనే ప్రోగ్రాములు ఉన్నాయి. పని చేస్తాయి, కాస్త ఓపిక కావాలి.

ఇప్పుడు ఆ 'ఎవరితో' సంగతి. గుంటూరులో మా బావమరిదితో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ ఆడేవాడిని. ముప్పావు గంట నడిచాక, సరిగ్గా వాడి గుర్రాలు నా కోట గోడ దగ్గరికొచ్చే వేళకి 'అవుట్ ఆఫ్ సింక్' అని ఆగిపోయేది. "బావా, వైరు పీకేశారు కదూ?" అని ఫోను. మూడుసార్లు అదే నింద. ఈ ఆటలో ఎవరి కంప్యూటర్ లెక్కలు అది వేసుకుంటుంది, నెట్ మీద వెళ్లేవి ఆజ్ఞలే. లెక్కలు చేసే లైబ్రరీ వైన్‌ది ఒకటి, విండోస్‌ది ఒకటి. దశాంశాల్లో ఎక్కడో వెంట్రుకవాసి తేడా వస్తే రెండు యుద్ధాలు రెండు దారులు పడతాయి. విండోస్ అసలు ఫైలు ఒకటి, యూసీఆర్‌టీబేస్ అని, ఆ ఉత్తుత్తి సీ డ్రైవ్‌లో పెట్టాక ఆట చివరిదాకా నడిచింది. అప్పుడు వాడు నన్ను నిజంగానే ఓడించాడు.

ఇది ఓపికతో తీరే చిక్కు. తీరనివి వేరే ఉన్నాయి. ఆన్‌లైన్ తుపాకుల ఆట వాలరెంట్ ఆడదు, ఎందుకంటే మోసగాళ్లని పట్టే దాని కాపలా ప్రోగ్రామ్ విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే కూర్చోవాలి, దుబాసీకి అక్కడ ప్రవేశం లేదు. ఫోర్ట్‌నైట్ కూడా ఆడదు, అక్కడ అడ్డు మాత్రం వాళ్లు ఒప్పుకోకపోవడమే. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్ఐ అనే కాపలా ప్రోగ్రాములు రెండూ 2021 నుంచే ప్రోటాన్‌తో నడవగలవు, కానీ ఆట చేసినవాళ్లు 'సరే' అనాలి. ఏపెక్స్ లెజెండ్స్ ఇక్కడ హాయిగా నడిచేది. 2024 అక్టోబరు చివర్లో లైనక్స్‌ని బయటికి పంపారు. జీటీఏ 5 కథ ఇప్పటికీ ఆడుతుంది, 2024 సెప్టెంబరులో బ్యాటిల్ఐ పెట్టాక ఆన్‌లైన్ పోయింది. వీటిలో ఏదీ వైన్ చేతగానితనం కాదు. మోసగాళ్ల బెడద వాళ్లకీ ఉందనుకోండి, కానీ నిన్న నడిచింది ఇవాళ ఒక అప్‌డేట్‌తో పోతుందంటే, అలాంటి ఆట మీద నేను రూపాయి పెట్టను.

మా తమ్ముడు నా మాట వినే రకం కాదు. వాడి స్నేహితులంతా వాలరెంట్‌లోనే ఉంటారు. సంక్రాంతికి ఇంకో ఎస్ఎస్‌డీ కొని విండోస్ వేసుకున్నాడు. ఇప్పుడు రెండూ ఒకే కేబినెట్‌లో ఉన్నాయి, సాయంత్రం ఆరు దాకా వాడిది, తర్వాత నాది. పక్క తలుపుకి మాత్రం స్క్రూలు రెండే ఉంచాను, అవీ చేత్తో తిప్పితే వచ్చేంత వదులుగా.