కార్తీకంలో అరకు: అద్దాల రైలు పెట్టెలో మా ప్రయాణం

కార్తీకమాసం మొదటి వారంలో మా అమ్మను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలులోని విస్టాడోమ్ అనే అద్దాల పెట్టెలో అరకు బయలుదేరాము. శరత్కాలంలో ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఇంతకన్న మంచి విహారం మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే ఒక్కరోజులో వెళ్లి రావాలనుకునేవారికి దీని విలువలో సగమే దక్కుతుంది.

తెల్లవారగానే బయలుదేరే ఈ రైలు శృంగవరపుకోట వరకు మైదానంలోనే నడుస్తుంది. శివలింగపురం దాటాక అసలు ప్రయాణం మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గం ఇది. ఒక సొరంగంలోంచి బయటపడి లోయను చూసేలోపే మరో సొరంగం వస్తుంటే, పిల్లలు ప్రతి చీకటికీ కేకలు వేశారు. పైకప్పు కూడా అద్దమే కావడం వల్ల, వానలకు తడిసి ఇంకా పచ్చగా ఉన్న కొండ మొత్తం మన మీదికి వంగినట్టు కనిపిస్తుంది. కుర్చీలను కిటికీవైపు తిప్పుకోవచ్చు కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ లేవకుండానే అన్నీ చూడగలిగింది. రోడ్డు మీది మలుపుల్లో తల తిరిగే పెద్దవారికి ఈ నెమ్మది ప్రయాణమే సుఖం.

మేము బొర్రా గుహలు స్టేషనులో దిగిపోయాము. సున్నపురాతిని లక్షల ఏళ్లుగా నీరు కరిగించగా ఏర్పడిన ఆ గుహల్లో, కప్పు నుంచి వేలాడే రాతి ఊడల చివర నీటిబొట్టు నిలిచి ఉండడం పిల్లలకు చూపించాను. పాఠంలో చదివినదానికన్న ఆ ఒక్క బొట్టు వారికి ఎక్కువ నేర్పింది. మెట్లు చాలా ఉన్నాయి, తడిగానూ ఉంటాయి. అమ్మ సగం దాకా దిగి, అక్కడే కూర్చుండిపోయింది. పెద్దవారితో వెళ్లేవారు చేతికర్ర, జారని చెప్పులు తప్పక తీసుకువెళ్లాలి.

అక్కడి నుంచి అరకుకు మాట్లాడుకున్న జీపు డ్రైవరు ముందు చెప్పిన ధరను దారిలో పెంచాడు. ఎక్కడెక్కడ ఆపాలో, ఎంత ఇవ్వాలో ఎక్కకముందే తేల్చుకోవడం మంచిది. అనంతగిరి కాఫీ తోటల్లో, సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకిన మిరియాల తీగల కింద, కాఫీ పళ్లు అప్పుడప్పుడే ఎరుపెక్కుతున్నాయి. రోడ్డు పక్కన తిన్న బొంగు చికెన్ బాగుంది. నూనె వేయకుండా, మసాలా పట్టించిన ముక్కలను వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. కాలడానికి సమయం పడుతుంది కాబట్టి, ఆకలి మొదలవకముందే చెప్పి ఉంచాలి.

ఈ కాలానికే ప్రత్యేకమైనవి వలిసె పూలు. నూనెగింజల కోసం గిరిజన రైతులు చల్లిన ఆ చేలు కొండవాలు మీద పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. ఫొటోల కోసం లోపలికి దిగేవారి నుంచి కొందరు రైతులు కొంత రుసుము తీసుకుంటున్నారు. తొక్కిన ప్రతి మొక్కా వారి పంటే కనుక అది పూర్తిగా న్యాయమని నేను నమ్ముతాను. గట్టు మీద నిలబడి చూసినా ఆ అందం తగ్గదు.

రాత్రి అరకులోనే ఉండి, మర్నాడు ఉదయం మంచు తొలగకముందే మళ్లీ ఆ చేల దగ్గరికి నడిచాము. గిరిజన మ్యూజియం ఆ తరువాతే చూశాము. వెళ్లదలచినవారు విస్టాడోమ్ టికెట్లు సెలవులకు చాలా ముందుగానే తీసుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వస్తే ఘాట్‌లో పట్టాల మీద కొండచరియలు పడే ప్రమాదం ఉంటుంది కనుక, బయలుదేరే ముందురోజు రైలు నడుస్తున్నదో లేదో కనుక్కోవాలి.