ట్యూబ్‌లైట్లు తీసి శ్లాబుకు ఎల్‌ఈడీ ప్యానెళ్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు పాత శ్లాబు ఇళ్లలో నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని తీసేసి, శ్లాబుకే బిగించే సర్ఫేస్ ప్యానెళ్లు పెట్టుకోవచ్చా అంటే, నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. కాకపోతే వాట్లు చూసో, పెట్టె మీది బొమ్మ చూసో కొనకూడదు. లోపలున్న డ్రైవర్‌ని, అంటే ఇంటి కరెంటుని ఎల్‌ఈడీలకి తగ్గట్టు మార్చే చిన్న సర్క్యూట్‌ని చూసి కొనాలి. కొన్ని సార్వాలు, దాళ్వాలు (తొలి, మలి వరి పంటలు), పిడుగుల వానలు, తుఫాను గాలులు దాటిన ప్యానెళ్ల సంగతి ఇది. మా ఇంట్లో ఎల్‌ఈడీ పలక పోవడం ఒక్కటీ లేదు. పోయినవన్నీ డ్రైవర్లే.

ముందు కరెంటు లెక్క. రాగి చోక్ ఉన్న పాత 40 వాట్ల ట్యూబు చోక్‌తో కలిపి 50 వాట్లు దాటి తాగుతుంది. 18 వాట్ల ప్యానెల్ దాదాపు 18 వాట్లే తీసుకుంటుంది. తేడా 34 వాట్లు అనుకుంటే, రోజుకు ఐదు గంటల చొప్పున ఏడాదికి 62 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఆరు రూపాయలైనా ఒక్కో లైటు మీద 370 రూపాయలు. బిల్లుకన్నా పెద్ద లాభం ఇన్వర్టర్ మీద కనిపిస్తుంది. తుఫానుకి స్తంభాలు కూలి కరెంటు లేని రాత్రి, మూడు ట్యూబులు 150 వాట్లు లాగే చోట మూడు ప్యానెళ్లు 55 వాట్లతో సరిపెట్టుకుంటాయి. మిగిలిన బ్యాటరీ ఫ్యాన్‌కి పనికొస్తుంది. ఇంకో సుఖం లో-వోల్టేజీ దగ్గర. చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లన్నీ తిరిగే వేళ వోల్టేజీ పడిపోతే స్టార్టర్ టిక్కుటిక్కుమంటుంది గానీ ట్యూబు వెలగదు. మంచి డ్రైవర్ ఉన్న ప్యానెల్ 150 వోల్టుల దగ్గర కూడా స్విచ్ వేయగానే పూర్తి వెలుగిస్తుంది.

వెలుగు విషయంలో మాత్రం ట్యూబుకీ ప్యానెల్‌కీ పోలిక లేదు. 36 వాట్ల ట్యూబు సుమారు 2,500 ల్యూమెన్లు (వెలుగు కొలత) ఇస్తుంది, అది కూడా చుట్టూ పరుచుకుంటుంది, గోడల పైభాగం, శ్లాబు అన్నీ వెలుగుతాయి. 18 వాట్ల ప్యానెల్ ఇచ్చేది రకాన్ని బట్టి 1,400 నుంచి 1,800 ల్యూమెన్లు, అదంతా కిందికే. గచ్చు మీద వెలుగు బాగుంటుంది, గోడల పైభాగం మాత్రం మసకగా ఉంటుంది. అందుకే ఒక ట్యూబు తీసి దాని స్థానంలో ఒకే ప్యానెల్ పెట్టినవాళ్లు "వెలుగు చాల్లేదు" అంటారు. పది పన్నెండు అడుగుల హాలుకి 18 వాట్లవి రెండు, అంతే పడకగదికి 12 వాట్లవి రెండు సరిపోతాయి. ఒకే పెద్ద 36 వాట్ల ప్యానెల్ కన్నా రెండు చిన్నవి ఎప్పుడూ మేలు. నీడలు మెత్తబడతాయి, ఒకటి పోయినా గది చీకటవదు.

చాలామంది చూసుకోకుండా బిగించేసి తర్వాత బాధపడేది ఫ్యాన్ నీడ గురించి. ప్యానెల్ శ్లాబుకి అంటుకుని ఉంటుంది, ఫ్యాన్ రెక్కలు దానికి అడుగు కిందుగా తిరుగుతాయి. ప్యానెల్ దగ్గరగా ఉంటే రెక్కలు వెలుగుని కోస్తూ గదంతా రెపరెపలాడుతుంది. కాసేపటికే తలనొప్పి, పిల్లలు చదవలేరు. ప్యానెల్ వెలుగు ముఖ్యంగా నిట్టనిలువు నుంచి 60 డిగ్రీల వరకు పరుచుకుంటుంది. రెక్కలు అడుగు కిందుంటే, రెక్క కొస నుంచి కనీసం ఒకటిముప్పావు అడుగు దూరంలో ప్యానెల్ ఉన్నప్పుడే ఆ వెలుగు రెక్కకి తగలకుండా పోతుంది. 48 అంగుళాల ఫ్యాన్ రెక్క పొడవు మధ్య నుంచి రెండడుగులు. అంటే ఫ్యాన్ మధ్య నుంచి ప్యానెల్ మధ్యకి నాలుగడుగులు ఉండాలి. పన్నెండడుగుల పొడవు గదిలో ఫ్యాన్‌కి అటూ ఇటూ, చిన్న గోడల నుంచి రెండేసి అడుగుల్లో పెడితే లెక్క కుదురుతుంది. ఫ్యాన్ కడ్డీ పొడుగైతే ఈ దూరం ఇంకా పెంచాలి.

వంటింట్లో మధ్యలో ప్యానెల్ పెడితే గట్టు ముందు నిలబడ్డవాళ్ల నీడే కూరగాయల మీద పడుతుంది. అక్కడ గట్టు పైన గోడకి ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబులా పొడుగ్గా ఉండే ఎల్‌ఈడీ లైటు) వేసుకోవడమే సరైన పని. గోడకున్న ట్యూబుల సంగతీ అంతే. వాటిని తీసి శ్లాబు దాకా కొత్త వైరు లాగే కన్నా, అదే చోట 20 వాట్ల నాలుగడుగుల బ్యాటెన్ బిగిస్తే చాలు. ప్యానెళ్లు శ్లాబులో ఇప్పటికే పాయింటు ఉన్న గదులకి. పెంకుటిళ్లలో దూలానికి పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక కొట్టి దాని మీద బిగించుకోవచ్చు. పెంకుల మీద ఎర్రటెండ కాసే రోజుల్లో పైకప్పు దగ్గర వేడి ఎక్కువ కాబట్టి అక్కడ 12 వాట్లు దాటొద్దు.

ఇక కొనడం. వెనక నుంచి వెలిగే రకం, అంచు నుంచి వెలిగే రకం అని రెండున్నాయి. అంచు రకం పల్చగా, అందంగా ఉంటుంది గానీ లోపల వెలుగుని మోసే ప్లాస్టిక్ పలక నాసిదైతే ఏళ్లు గడిచేకొద్దీ పసుపురంగుకి తిరుగుతుంది. వెనక నుంచి వెలిగేది కాస్త మందం, వెలుగు ఎక్కువ. దేన్నైనా కొనేముందు మూత తీయించి చూడండి. డ్రైవర్ విడి డబ్బాగా ఉండి, రెండు వైర్ల కనెక్టర్‌తో ఎల్‌ఈడీ పలకకి తగిలి ఉంటే తీసుకోండి. డ్రైవర్ భాగాలు కూడా ఎల్‌ఈడీ పలక మీదే అతికించి ఉంటే వద్దు. అది పోతే ప్యానెల్ మొత్తం పారేయాలి, పైగా వాటిలో చాలావాటికి కంటికి తెలియని మినుకు ఉంటుంది. షాపులోనే వెలిగించి మొబైల్ కెమెరాలో చూడండి, తెర మీద నల్లచారలు పరుగెత్తితే ఆ మినుకు ఉన్నట్టే. డ్రైవర్ మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, వోల్టేజీ పరిధి, సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) రక్షణ ఎన్ని కిలోవోల్టులో చూడాలి. మన వైపు పిడుగులకి 2.5 కిలోవోల్టులు తక్కువే, 4 ఉంటే మేలు. పెట్టె మీద ల్యూమెన్లు రాయని ప్యానెల్‌ని పక్కన పెట్టేయండి.

రాసిన వాట్లు నిజమో కాదో ఇంటి మీటరే చెబుతుంది. ఎలక్ట్రానిక్ మీటర్ మీద కిలోవాట్ అవర్‌కి 3,200 పల్స్‌లని ఉంటే, ఇంట్లో అన్నీ ఆపి ఒక్క 18 వాట్ల ప్యానెల్ వెలిగించినప్పుడు ఎర్రలైటు దాదాపు 62 సెకన్లకి ఒకసారి మెరవాలి. 90 సెకన్లు పడితే లోపలున్నది 12 వాట్లే. మీ మీటర్ మీద 1,600 అని ఉంటే ఈ సెకన్లు రెట్టింపు చేసి చూసుకోండి.

రంగు గురించి ఒక్క మాట. కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు ఛాయకి తిరుగుతుంది. 6500 కెల్విన్ తెలుపు అందరికీ అలవాటు, హాలుకి బాగానే ఉంటుంది. పడకగదికీ దేవుడిగదికీ 3000 లేదా 4000 తీసుకోండి. సార్వా పంట ఎదిగి సుడిదోమ, పచ్చదోమ లైట్ల చుట్టూ ముసిరే రోజుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ట్యూబులతో పోలిస్తే ఎల్‌ఈడీలకి పురుగులు తక్కువ వస్తాయి, పసుపు వెలుగుకి మరీ తక్కువ.

బిగించేటప్పుడు మెయిన్ ఆపేయాలి, స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు. పాత ఇళ్లలో స్విచ్‌ని న్యూట్రల్‌లో కలిపిన చోట్లు ఉన్నాయి, స్విచ్ ఆపినా ఫేజ్ లైటు దాకా వస్తూనే ఉంటుంది. మెయిన్ ఆపే ముందు, స్విచ్ ఆఫ్‌లో ఉంచి టెస్టర్‌తో రెండు వైర్లూ చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. ప్యానెల్ బిగించాక రాత్రి స్విచ్ ఆపినా మిణుకుమిణుకుమంటుంటే కారణం ఇదే, లేకపోతే స్విచ్‌లో ఉన్న ఇండికేటర్ దీపం. ప్యానెల్ చెడిపోయిందని మార్చుకోవడానికి పరుగెత్తొద్దు, బోర్డులో వైర్లు సరిచేయించండి.

ట్యూబు తిప్పి తీశాక పట్టీ మరలు విప్పాలి. పాత పట్టీల్లో కెపాసిటర్ (కరెంటు నిలవ ఉంచే చిన్న డబ్బా) ఉంటే దాని రెండు కొసల్నీ వేలితో తాకొద్దు. ప్యానెల్‌తో వచ్చిన రేకు పట్టీని శ్లాబుకి ఆనించి పెన్సిల్‌తో గుర్తు పెట్టి, 6 మిల్లీమీటర్ల బిట్‌తో అంగుళంన్నర లోతు రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి మర బిగించాలి. ఫ్యాన్ పెట్టె నుంచి స్విచ్ బోర్డున్న గోడ వైపు పోయే గీత మీద డ్రిల్ పెట్టొద్దు, శ్లాబులో వైర్ల పైపు సాధారణంగా అటే పోతుంది. చువ్వ తగిలితే బలం చూపించకుండా అంగుళం పక్కకి జరగండి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పెట్టెలో ఇచ్చిన మరలు పక్కనపడేసి స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు వాడండి, లేకపోతే రెండో వానాకాలానికి శ్లాబు మీద తుప్పు చారలు దిగుతాయి. అక్కడ ఇనుప రేకు బాడీ కన్నా పాలీకార్బొనేట్ బాడీ నయం. వైర్లని మెలేసి టేపు చుట్టడం కాకుండా కనెక్టర్‌లో బిగించాలి. పాత అల్యూమినియం వైరైతే ఒకసారి వంచగానే విరుగుతుంది, కొస కత్తిరించి కొత్తగా ఒలవండి.

వైరు లోపలికి పోయే రంధ్రం చుట్టూ సిలికాన్ పూయడం ఎవరూ చేయరు, తప్పకుండా చేయాల్సిన పని అదే. ఆ సందులోంచి చీమలు, చిన్న బల్లులు వెచ్చదనానికి లోపలికి దూరతాయి. బల్లి డ్రైవర్ కొసల మధ్య పడితే ఇక డ్రైవర్ పనైపోయినట్టే. డిఫ్యూజర్ (వెలుగుని పరిచే పాలరంగు మూత) లోపల నల్లచుక్కల్లా పురుగులు పేరుకోవడం కూడా అటు నుంచే. పంట కోతలయ్యాక ఏడాదికోసారి డిఫ్యూజర్ విప్పి పొడిగుడ్డతో తుడిస్తే పోయిన వెలుగు మళ్లీ కనిపిస్తుంది. శ్లాబు చెమ్మ దిగే చోట ప్యానెల్ పెట్టొద్దు, ముందు పైన నీరు నిలవకుండా చేయించుకోవాలి.

డ్రైవర్లు పోవడానికి పిడుగుల కన్నా పెద్ద కారణం న్యూట్రల్ తెగడం. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ వదులైతే కొన్ని ఇళ్లలో వోల్టేజీ 300 దాటి పోతుంది, కొన్ని ఇళ్లలో పడిపోతుంది. రాగి చోక్ ఆ కాసేపూ మూలుగుతూ ఓర్చుకునేది, డ్రైవర్ ఓర్చుకోదు. లైట్లు ఒక్కసారిగా మరీ తెల్లగా వెలిగినా, ఫ్యాన్ వేగం పెరిగినా వెంటనే మెయిన్ దించి లైన్‌మన్‌ని పిలవండి. కరెంటు లోడు ఎక్కువైతే తెగే ఎంసీబీ దీన్ని ఆపదు. మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టి 270 వోల్టుల దగ్గర తెగేలా చేయించుకుంటే లైట్లతో పాటు ఫ్రిజ్, టీవీ కూడా దక్కుతాయి. పిడుగులకి టైప్-2 సర్జ్ ప్రొటెక్టర్ వేరే ఉంటుంది, ఎర్త్ బాగున్నప్పుడే అది పనిచేస్తుంది. ఉప్పునేలలో ఎర్త్ పైపు లోపలే తుప్పుపట్టి ఊడిపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

ప్యానెల్ సెకనుకోసారి వెలిగి ఆరుతుంటే, లేక అసలు వెలగకపోతే, పక్కగదిలో అదే రకం ప్యానెల్ డ్రైవర్ తెచ్చి తగిలించి చూడండి. వెలిగితే పోయింది డ్రైవరే. పాత డ్రైవర్ మీద అవుట్‌పుట్ మిల్లీ ఆంపియర్లు, వోల్టుల పరిధి ఉంటాయి. 300 మిల్లీ ఆంపియర్లు, 36 నుంచి 63 వోల్టులు అని ఉంటే కొత్తది కూడా అదే కరెంటుది కావాలి. 280 అయితే వెలుగు కాస్త తగ్గుతుంది, ఫర్వాలేదు. 350 పెడితే ఎల్‌ఈడీలు వేడెక్కి త్వరగా పోతాయి. వాట్లు ఒకటేనని చూసి తెచ్చుకోవద్దు. ఎర్ర, నల్ల వైర్లు ప్యానెల్‌కి తగిలించాకే కరెంటు ఇవ్వాలి. ముందే కరెంటిచ్చి తర్వాత తగిలిస్తే, ఖాళీగా ఉన్న డ్రైవర్‌లో పోగుపడిన ఎక్కువ వోల్టేజీ ఒక్కసారిగా ఎల్‌ఈడీల మీద పడుతుంది. ఎలక్ట్రికల్ షాపుల్లో విడి డ్రైవర్ కొత్త ప్యానెల్ కన్నా తక్కువకే దొరుకుతుంది.

అన్ని గదులకీ ఒకేసారి కొనేటట్టయితే ఒకటి ఎక్కువ తీసుకోండి. ఏడాది తర్వాత అదే పేరుతో కొన్నా తెలుపులో తేడా ఉంటుంది, పక్కపక్కన వెలిగితే కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పని సంక్రాంతి ముందు సున్నాలు వేసే రోజుల్లో పెట్టుకుంటే, పట్టీ తీసిన చోట నాలుగడుగుల నల్లమచ్చ, పాత మరల రంధ్రాలు పుట్టీతో పాటే పోతాయి.

తీసిన ట్యూబుల్ని పగలగొట్టి కాలువ గట్టున పడేయొద్దు. వాటిలో పాదరసం ఉంటుంది, ఆ కాలువ నీళ్లే మంచినీళ్ల చెరువుల్లోకి పోతాయి. కొత్త ప్యానెళ్లు వచ్చిన అట్టపెట్టెలు విప్పి ఆ అట్టల్లో చుట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి. రాగి చోక్‌లు పాత సామాన్లవాడు బరువు తూచి కొంటాడు. ట్యూబు ఇంట్లోనే పగిలితే ఫ్యాన్ ఆపి, కిటికీలు తీసి, పావుగంట ఆగి, చీపురు ముట్టకుండా అట్టముక్కతో పెంకులు ఎత్తి, మిగిలిన పొడిని తడిగుడ్డతో అద్ది, గుడ్డతో సహా సీసాలో వేసి మూత పెట్టండి.